కాలువ ముట్టని చౌడు

రాయచూరు పొలిమేరలో ఉన్న ఆ వ్యవసాయ డిప్లొమా కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకు నేలల పాఠం చెప్పే విజయేంద్రకు లోకంలో మన్ను తప్ప తక్కినవన్నీ రోతే. మన్ను మీదయినా గొప్ప ప్రేమ ఉందని కాదు. అది ఎదురు చెప్పదు, వంగి వంగి నమస్కారాలు పెట్టదు, ప్రమోషన్ వస్తే పేడాలు పంచదు. ఆ మాత్రానికే దానికి అతని దగ్గర కాస్త మర్యాద దక్కింది.

పిల్లలంటే మరీ రోత. ఇంకెక్కడా సీటు దొరక్క ఇక్కడికొచ్చి పడ్డ సరుకని అతని అభిప్రాయం. వాళ్ళకు ఏటా ఒకటే పాఠం. మన్నులో అన్నిటికంటే సన్నని రేణువులే బంకమన్ను, పైకి పొడిలా కనబడుతుంది గానీ లోపల పలకల మీద పలకలు పేర్చి ఉంటాయి అని చెప్పేవాడు. పలకలంటే ఎవరి బుర్రకూ ఎక్కదు కనక రొట్టెల దొంతర అనేవాడు. ఎర్రనేలలో ఉండే కెయొలినైటు ఎండిన కడక్ రొట్టెల కట్ట. ఒకదాన్నొకటి కరుచుకుని నీటిబొట్టును మధ్యకు రానివ్వదు. నల్లరేగడిలో ఉండే మాంట్‌మోరిల్లొనైటు మెత్తని జొన్నరొట్టెల దొంతర. నీళ్ళు పొరల మధ్యకు దూరితే ఉబ్బుతుంది, ఎండకు అవి ఆరిపోతే ముడుచుకుని, మనిషి కాలు దిగబడేంత పగులుతుంది. రొట్టె మాట చెవిన పడగానే తరగతి కిలకిలమనేది. ప్రతి ఏడూ అదే చోట అదే నవ్వు. అది రాకముందే విజయేంద్ర పెదవి ఒక పక్కకు వంకర తిరిగి సిద్ధంగా ఉండేది.

తోటి ఉపాధ్యాయుల్లో అతనికి ఒంటికి కారం రాసినట్టుండేది నవనీత్‌ను చూస్తే. సింధనూరు కాలువ కింద తాతలనాడు స్థిరపడ్డ ఆంధ్రావాళ్ళ అబ్బాయి. గోరేబాళలో వాళ్ళకు వరి పొలాలు. సెలవు రోజుల్లో పోతనాళ దాకా మోటారు సైకిల్ మీద తిరిగి, పాంటుకు మోకాళ్ళ దాకా బురదతో సోమవారం కాలేజీకి వస్తాడు. రైతులు అతనికి ఫోన్లు చేస్తారు, పెళ్ళిళ్ళకు పిలుస్తారు. ఆ బురదను విజయేంద్ర ప్రకటన బోర్డు కింద జమకట్టాడు. తను మాత్రం ఇస్త్రీ మడత నలగకుండా తరగతిలోకి వెళ్ళి, ఇస్త్రీ మడత నలగకుండా బయటికొచ్చేవాడు. పొలానికి వెళ్ళవలసిన పని ఏదున్నా పిల్లలకు పురమాయించేవాడు.

ఆ ఏడు అక్టోబరులో, రైతులు చేలకు పూజ చేసే సీగె పున్నమ దాటిన వారంలో అలా పురమాయించిన పనే, ఎవరి చేను మన్ను వాళ్ళు కిలోకు తక్కువ కాకుండా తెమ్మనడం. బల్ల మీద గాజు గ్లాసులు వరుసగా పెట్టించి, తలా ఒక గ్లాసులో నీళ్ళు పోయించి, తెచ్చిన మన్నులోంచి చిన్న పెళ్ళ ఒకటి, పొడిమన్నయితే తడిపి ఉండ కట్టి, మెల్లగా వదలమన్నాడు. మామూలు మన్నయితే పెళ్ళ విచ్చి అడుగున కుప్పగా కూలుతుంది, నీళ్ళు తేటగానే ఉంటాయి. చౌడు మన్నయితే అందులోని సోడియం బంకమన్ను పలకలను ఒకదాన్నొకటి పట్టుకోనివ్వదు. విడిపోయిన రేణువులు నీళ్ళలో తేలి పాలు కలిపినట్టవుతుంది.

గ్లాసులన్నీ తేటగా ఉన్నాయి, చివరి వరుసలో ఒకటి తప్ప. అందులో పెళ్ళ చుట్టూ తెల్లని మబ్బు లేస్తోంది.

"ఎవరిదది?"

"నాది సార్," అని ఒక సన్నపాటి పిల్ల లేచి నిలబడింది.

"నీకు పేరు పెట్టలేదా?"

"మంజమ్మ సార్."

"మీ ఊరికి కాలువ ఉందా?"

"కాలువ యాడిది సార్. తాగనీకె నీళ్ళే ట్యాంకర్‌ల ఒస్తయి."

తరగతి గొల్లుమంది. నవ్వింది ఆమె చెప్పిన కష్టానికి కాదు, చెప్పిన యాసకు. మంజమ్మ మాత్రం నవ్వలేదు. పాఠాన్ని పాఠంలా వినే పిల్ల ఆ తరగతిలో ఆమె ఒక్కతే. ఆ సంగతి విజయేంద్ర గమనించాడు, గమనించినందుకు విసుక్కున్నాడు.

"ఇది మీ చేను మన్నేనా?"

"అవ్ సార్. మా అమ్మ మూటగట్టి ఇచ్చింది."

ఆమె ఊరు తెలంగాణ సరిహద్దు దగ్గర. కాలువ నీళ్ళు ఏనాడూ పారని వానాధారపు నల్లరేగడి. జిల్లాలో చిన్నపిల్లాడిని అడిగినా చౌడు ఎలా పుట్టిందో చెబుతాడు: కాలువ కింద వరికి అదేపనిగా నీళ్ళు కట్టి, అడుగున ఉన్న ఉప్పును పైకి తెచ్చుకున్నారు. మరి కాలువే లేని చోట ఈ మబ్బెక్కడిది? విజయేంద్ర గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా అది పాఠం మధ్యలో అలా కొట్టుకుని ఎరగదు.

ల్యాబులో పరీక్ష చేయించాడు. సోడియం పొంగి పొర్లుతోంది. అనుమానం తీరక మంజమ్మ చేత ఇంకో సంచి తెప్పించాడు. మొదటిదానికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. చౌడుకు కారణం కాలువ ఒక్కటే కాదు, ఈ నేల పుట్టిన రాతిలోనే ఆ గుణం ఉంది అని వ్యాసం రాశాడు. రాస్తున్నన్నాళ్ళూ ఇంట్లో ఒంటరిగా గదిలో అటూ ఇటూ నడుస్తూ, వినేవాళ్ళు లేకపోయినా గొంతు సవరించుకునేవాడు. ఫిబ్రవరిలో కాలేజీలో సదస్సు. ధారవాడ నుంచి పేరున్న పెద్దాయన వస్తున్నాడు. వ్యాసం సారాంశం చదివి, బాగుంటే పత్రికలో వేయిస్తానని కబురు పెట్టాడు. ఇన్నాళ్ళూ తను ఎవరినీ లెక్కచేయకపోవడానికి చివరికి ఒక ఆధారం దొరకబోతోంది. అది విజయేంద్రకు అన్నం కంటే ఎక్కువ.

నవనీత్ కూడా చదివాడు. "సార్, అంటే ఇది మా కాలువవాళ్ళు చేసిన పాపం కాదంటారాండీ! మా గోరేబాళ వచ్చి ఓసారి చెప్పండి సార్, మా నాన్నగారు దండేసి ఊరేగిస్తారు."

"ఊరేగింపులు మీకు అలవాటు," అన్నాడు విజయేంద్ర.

"మరి గుంట తవ్విన ఫొటో లేదేంటండీ?"

ఆ మాట సదస్సు వాళ్ళు కూడా అడిగారు. నేల పొరలు కనబడేలా మనిషిలోతు గుంట, దాని పక్కన వ్యాసకర్త. ఇక తప్పక జనవరిలో ఒక ఆదివారం మంజమ్మను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు బస్సెక్కాడు. బస్సులో జేబురుమాలు పరుచుకుని దాని మీద కూర్చున్నాడు.

మంజమ్మ తల్లి నింగవ్వ గుమ్మంలోనే ఎదురైంది. పొడుగు మనిషి, మాటకు ముందు చెయ్యి ఆడుతుంది.

"కూసో సార్. చాయ్ పెడ్త."

"వద్దమ్మా."

"వద్దంటె ఎట్ల! మా మంజికి సదువు చెప్పేటోనివి. ఎండల ఒచ్చినవ్, మొఖం సూడు ఎట్లయిందో, మాడిన రొట్టె లెక్క."

చాయ్ అతను సగం తాగి వదిలేశాడు. ముగ్గురూ చేనికి నడిచారు. జొన్న కంకి వేసి నిలబడి ఉంది. గట్టు మీద పార పట్టుకుని, చేను మధ్యలో గుంట తవ్వాలి, కూలీని పిలిపించు అన్నాడు విజయేంద్ర.

నింగవ్వ అతనికీ చేనుకూ మధ్య వచ్చి నిలబడింది. "జొన్న నిలబడున్నప్పుడా? వద్దప్పా. చేను కడుపుతోని ఉన్నది. సీగె పున్నమ నాడు సీమంతం జేసినం. మొన్న ఎళ్ళమాసకు చేనంత చరగ బువ్వ చల్లినం, పెట్టిందంత పెట్టి తృప్తి జేసినం. ఇప్పుడు పొట్టల పార దించుతవా? కోసినంక రా. పాతాళం దాంక తవ్వుకో, నేను అడిగితె ఒట్టు."

విజయేంద్ర పెదవి వంకర తిరిగింది. "నీ కూతురు సైన్సు చదువుతోంది, తెలుసా?"

"సదవనీ. దానికి పెండ్లయి కడుపొస్తె, అప్పుడు సైన్స్ అని పొట్ట కోస్తవా?"

మంజమ్మ సిగ్గుతో "అమ్మా!" అంది.

విజయేంద్రకు ఒక మంచి తర్కం దొరికింది. మూర్ఖులను వాళ్ళ మాటతోనే కట్టేయడంలో ఉన్న సుఖం అతనికి ఇంకెందులోనూ లేదు. "సరే. నువ్వు మన్ను పంపింది కూడా సీగె పున్నమ తర్వాతే కదా? అప్పుడు చేను కడుపుతో లేదా? అప్పుడెలా తవ్వావు?"

"ఎవలు తవ్విన్రు?" అంది నింగవ్వ. "చేన్ల మన్ను ఇయ్యలె నేను. మిద్దె మీదిది ఇచ్చిన."

"ఏమిటీ?"

"మిద్దె సార్, మిద్దె! మా ఇంటి మిద్దె ఒక మూల కూలింది గద, ఆ మన్ను. మా మామ కాలంల వాగవతల కాలువ ఊరి చౌడు దిబ్బ నుంచి బండ్ల మీద తెచ్చి కప్పిండ్రు. వాన చుక్క దిగదు. మంజికి మార్కులు రావాల్నని రాళ్ళు ఏరి, జల్లెడ పట్టి మరీ ఇచ్చిన."

"రెండోసారి పంపింది?"

"గది గూడ గదే. మొదటిది సారు బాగ మెచ్చుకున్నడని మంజి చెప్పె. మెచ్చింది ఇడిసి యేరేది ఎందుకిస్త?"

"చేన్లదే అని చెప్తివి గదనే!" అని అరిచింది మంజమ్మ.

"అట్ల చెప్తెనే నువ్వు బస్సెక్కితివి. లేకుంటె ఆడనే కూసోని ఏడుస్తుంటివి." నింగవ్వ విజయేంద్ర వైపు తిరిగి, ఓపిక నటిస్తూ చిన్నపిల్లవాడికి నచ్చజెప్పినట్టు అంది, "మన్ను మన్నే గద సార్. ఇంత పెద్ద మనిషివి, నౌకరీ ఉన్నోనివి, మన్నుకు ఇంత పరేషానా?"

ఆ గొంతులో ఉన్నది ఏమిటో విజయేంద్రకు బాగా తెలుసు. అది తన సొంత సరుకు. ఇంతకాలం తను అందరికీ పంచుతున్నదాన్ని ఇంకొకరు తన చేతిలో పెట్టడం ఇదే మొదలు. మన్ను మూటగట్టి తీసుకెళ్ళే మగాడు ఆమె లెక్కలో మనిషి కింద జమ కాడు.

గట్టు వారనున్న పగులులోంచి పార తగలకుండా ఒక పెళ్ళ ఊడదీసి, తన నీళ్ళ సీసాలో వేశాడు. పెళ్ళ విచ్చి అడుగున కూలింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. చాలాసేపు సీసాను ఎండకెత్తి పట్టుకుని చూశాడు. ఎంత చూసినా నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"సార్," అంది మంజమ్మ మెల్లగా, "మరి మీరు రాసింది..."

"నోర్ముయ్."

తిరుగు బస్సులో ఆ పిల్లను ముందు సీట్లో కూర్చోబెట్టి, తను వెనక్కి పోయి కూర్చున్నాడు. ఈసారి జేబురుమాలు పరచడం మరిచిపోయాడు. మొదట నింగవ్వను తిట్టుకున్నాడు, తర్వాత కడుపుతో ఉన్న చేలను నమ్మే జాతి మొత్తాన్ని. తిట్టడం అయిపోయాక బస్సు ఇంకా సగం దారిలోనే ఉంది. అప్పుడిక ఆలోచించక తప్పలేదు.

నవనీత్ అయితే మొదటి రోజే ఆ ఊరు పోయేవాడు. పోయి, చాయ్ పూర్తిగా తాగి, మిద్దె కూలిన మూల చూసి, నవ్వుకుని తిరిగొచ్చేవాడు. తను ఎందుకు పోలేదు? ఒకరి చేనికి పోవడమంటే వాళ్ళ దగ్గర ఒకటి అడగడం. అడిగేటప్పుడు మనిషి ఎంతో కొంత వంగాలి. వంగినప్పుడు ఎదుటివాడు ఏ ముఖంతో చూస్తాడో అన్న భయం తనకు ఎక్కడ పట్టుకుందో కూడా అతనికి తెలుసు. చిన్నప్పుడు రాయచూరు కోట గోడ పక్క సందులోని ఇంట్లో అతన్ని అవ్వ పెంచింది. బడిలో మొదటి రోజు "మా ఇంట్ల ఆవున్నది" అన్నాడు. పంతులు ఆ మాటను సాగదీసి మళ్ళీ అంటే బల్లలన్నీ నవ్వాయి. ఆ సాయంత్రానికే ఒకటి నేర్చుకున్నాడు: ఎవరూ నవ్వకముందే తను నవ్వాలి. ఆ తర్వాత అవ్వతో కూడా పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడాడు. ఆమె చనిపోయేదాకా అతని మాటకు కొంచెం భయపడుతూనే ఉండేది.

ఇదంతా తెలుసుకున్నా అతనికి ఏమీ తేలిక కాలేదు. తనను తాను విప్పి చూసుకోగలగడం కూడా ఇంకో గొప్ప కింద లోపల జమ అవుతోంది. అది చూసి అతనికి తన మీదే రోత పుట్టింది. ఆ రోతలో కూడా కాస్త హాయి ఉంది.

మిద్దె సంగతి తెలిసింది ముగ్గురికే. తల్లి ఆ ఊరు దాటదు. కూతురు నోరెత్తదు. వ్యాసం చదివేస్తే చదివేసినట్టే. రాయచూరు చేరేసరికి అలాగే నిశ్చయించుకున్నాడు.

సదస్సు రోజు హాలు నిండింది. ధారవాడ పెద్దాయన ముందు వరుసలో, పక్కన ప్రిన్సిపాల్, వెనక కాలువ కింది రైతులు కొందరు, ఆఖరి వరుసలో పిల్లలు. వాళ్ళలో మంజమ్మ తల వంచుకుని కూర్చుంది. గుంట ఫొటో లేకుండానే విజయేంద్ర తెర మీద బొమ్మలు మారుస్తూ చదివాడు. గొంతు ఎక్కడా తడబడలేదు. సోడియం అంకెలు చూసి పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగాడు. రైతులు ఒకరినొకరు చూసుకున్నారు. ఇక చప్పట్లే తరువాయి.

నవనీత్ లేచాడు. "చాలా గొప్పగా ఉంది సార్. చిన్న సందేహమండీ. ఆ మట్టి మీరే తీశారాండీ?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆ మనిషి అన్నీ అలాగే, పళ్ళు కనబడేలా నవ్వుతూ అడుగుతాడు. కానీ పెద్దాయన కూడా తల తిప్పి, "హౌదు, చెప్పండి, ఎంత లోతులో తీశారు?" అన్నాడు.

అవునంటే సరిపోయేది. లోతు కూడా నోటికి సిద్ధంగా ఉంది. విజయేంద్ర ఆఖరి వరుస వైపు చూశాడు. మంజమ్మ తలెత్తి తన వైపే చూస్తోంది. పాఠం వినేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే. ఆ చూపు ముందు అబద్ధం ఆడలేకపోయాడు. నిజం చెబితే ఏమవుతుందో కూడా అతనికి కనబడింది: హాలంతా నవ్వుతుంది, బడిలో బల్లలు నవ్వినట్టు.

అయితే ముందు తనే నవ్వాలి.

"మంచి ప్రశ్న," అన్నాడు, కాగితాలు బల్ల మీద పెట్టేసి. "ఈ వ్యాసంలో ఒక పెద్ద రహస్యం ఉంది. కావాలనే చివరికి దాచాను. మీరు చూసిన ఈ మన్ను ఏ చేనులోదీ కాదు. ఒక ఇంటి పైకప్పుది."

అతను చేతులాడిస్తూ గొంతు మార్చాడు. "చేను కడుపుతోని ఉన్నదప్పా! సీమంతం జేసినం! పొట్టల పార దించుతవా?" నడుం మీద చెయ్యి పెట్టి, మెడ ఒక పక్కకు వాల్చి, నింగవ్వను ఉన్నదున్నట్టు హాలులోకి దించాడు. "మన్ను మన్నే గద సార్! రాళ్ళు ఏరి, జల్లెడ పట్టి మరీ ఇచ్చిన!" ఆ యాసను పట్టుకోవడానికి అతనికి ఏ కష్టమూ కాలేదు. అది లోపల ఎప్పటినుంచో ఉంది, తలుపు తీయడమే ఆలస్యం. "మెచ్చింది ఇడిసి యేరేది ఎందుకిస్త?"

హాలు పగలబడి నవ్వింది. రైతులు బల్లలు చరిచారు. ప్రిన్సిపాల్ పొట్ట పట్టుకున్నాడు. నవనీత్ కళ్ళు తుడుచుకుంటూ, "సార్, మీలో ఇంత ఉందా!" అన్నాడు. పెద్దాయన లేచి మైకు తీసుకుని, మన్ను నమూనా ఎలా తీయకూడదో ఇంతకంటే గొప్పగా ఎవరూ చెప్పలేరు, దీన్ని ప్రతి ఏడూ మొదటి పాఠంగా పెట్టాలి అని మెచ్చుకున్నాడు. కాలువ ముట్టని చౌడు గురించి తర్వాత ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అది చచ్చిపోయిన సంగతి కూడా ఎవరికీ పట్టలేదు.

మంజమ్మ లేచి వెళ్ళిపోతుందనుకున్నాడు విజయేంద్ర. ఏడుస్తుందని కూడా అనుకున్నాడు. ఏడిస్తే బాగుండును, తను ఏం చేశాడో ఒకరి ముఖంలో చూసుకునే వీలుండేది. ఆమె కూర్చునే ఉంది. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ చెయ్యి తీసేసి అందరితో పాటు నవ్వింది.

భోజనాల దగ్గర అందరూ అతని భుజం తట్టి పోతున్నారు. పళ్ళెం పట్టుకుని ఒక మూలకు జరిగాడు. అక్కడ పిల్లల గుంపు ఒకటి గుండ్రంగా నిలబడి ఉంది. మధ్యలో మంజమ్మ. ఇన్నాళ్ళూ ఆమెతో ఒక్క మాట కలపనివాళ్ళంతా చెవులు రిక్కించి వింటున్నారు.

"అదేం జల్లెడ అనుకుంటున్నారు? పిండి జల్లెడ! ఆ సాయంత్రం రొట్టెల పిండి కూడా దాంతోనే పట్టింది," అని చెబుతోంది. మాట పుస్తకంలో ఉన్నట్టుంది. తర్వాత నడుం మీద చెయ్యి పెట్టి, మెడ వాల్చి, గొంతు మార్చింది. "కడుపుల ఇంత మన్ను పోతె ఏమైతదే? మన్నుల పుట్టినోళ్ళం గద!"

గుంపు కేకలు పెట్టింది. ఇంకోటి, ఇంకోటి అని ఆమె చెయ్యి పట్టి గుంజింది. ఆమె అనుకరణ అతనిదానికంటే ఎంతో బాగుంది. చెయ్యి ఎక్కడ ఆగాలో, గొంతు ఎక్కడ విరగాలో ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

అతన్ని చూసి మంజమ్మ మాట ఆపలేదు, పక్కకు తప్పుకోలేదు. ఎన్నడూ లేనిది సూటిగా ముఖంలోకి చూసి, "అలాగే అంది కదా సార్, ఆ రోజు? మీరే చెప్పండి," అంది.

పిల్లలందరూ అతని వైపు తిరిగారు, నవ్వడానికి సిద్ధంగా. ఆ రోజు నింగవ్వ నోట పిండి మాటే రాలేదు.

"అలాగే అంది," అన్నాడు విజయేంద్ర.